మొదటి రకం రాయి

చీమకుర్తిలో పుట్టి పెరిగినా మంచి రాయి మీద నేనెప్పుడూ కాలు పెట్టలేదు. మా ఊరి పద్ధతే అది. మొదటి రకం ఓడెక్కుతుంది, పగిలిందీ మచ్చపడిందీ మాకు మిగులుతుంది. మా ఇంటి మెట్టు కూడా విరిగిన ముక్కే.

2009 ఎండాకాలంలో ఓడెక్కేది కూడా ఆగిపోయింది. నేను పనిచేసే శ్రీకృష్ణగారి గ్రానైట్ యూనిట్లో కోసిన పలకలన్నీ గోడకు చేరగిలబడి ఉన్నాయి. వాటి మీద విదేశీ కంపెనీ వేసిన ఎర్రరంగు గుర్తు. నేను నీళ్ళు కొడితే వాళ్ళు రాయిలోని బంగారు చుక్కలు చూసుకుని, నచ్చితే ఆ గుర్తు వేసేవాళ్ళు. గుర్తు పడ్డ రాయి ఇంకెవరికీ అమ్మకూడదు.

ఆ రోజు పొద్దున్నే వాళ్ళ ఏజెంటు గౌస్ బాషా వచ్చాడు.

"ఆర్డరు రద్దయిందండి. అక్కడ ఇళ్ళు కట్టడం ఆగిపోయింది. పైగా ఉన్నది చాలు, తక్కువ వాడితే భూమికి మంచిది అని కొత్త మాట మొదలెట్టారు."

శ్రీకృష్ణగారు కుర్చీలో కూలబడ్డారు. రేపట్నుంచి యూనిట్ మూసేస్తానన్నారు. పాలిష్ మిషను నడిపే మా ఆయన జోసఫ్ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చాలనుకోవడం మంచిదే, కాదనను. మా కొండ గొయ్యయ్యేదాకా ఆ బుద్ధి ఎక్కడికి పోయింది?

అంతలో పొదిలి నుంచి యలమంద అనే మిరప రైతు వచ్చాడు. కొత్త ఇంటి నేలకు రాయి కావాలట. శ్రీకృష్ణగారు అలవాటు కొద్దీ పగుళ్ళ రాళ్ళ వైపు చెయ్యి చూపించారు.

"అవొద్దండి. నాకిది కావాలి," అంటూ యలమంద ఎర్రగుర్తు పలక దగ్గర నిలబడ్డాడు.

"అది బయటి దేశం వాళ్ళదయ్యా."

"వాళ్ళు వద్దన్నారుగా!" నోరు ఊరుకోలేదు నాకు.

"నువ్వుండు ఆదెమ్మా. గుర్తున్న రాయి అమ్ముకున్నానని తెలిస్తే రేపు మళ్ళీ నా గుమ్మం తొక్కుతారా?"

"రేపెప్పుడో వస్తారని, వచ్చినాయన్ని పొమ్మంటారా? వాళ్ళకి చాలయిందండీ. మేమింకా మొదలే పెట్టలేదు."

నేను ఇనప బ్రష్షు తీసుకుని గుర్తు మీద బరబరా రుద్దాను. "ఆదెమ్మా!" అని ఆయన అరిచారు. భయమేసింది, అయినా ఆపలేదు. ఎరుపంతా పోయాక బకెట్టుడు నీళ్ళు కొట్టాను. చుక్కలు తళుక్కుమన్నాయి. యలమంద వంగి అరచేత్తో రాయిని నిమిరాడు.

"ఇల్లంతా ఇదే వేయిస్తానండి," అన్నాడు.

"ఇల్లంతానా?" అంటూ శ్రీకృష్ణగారు కుర్చీలోంచి లేచారు. తర్వాత జోసఫ్‌ను మిషను తిప్పమన్నారు. ఆ మోత వినగానే నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"మావాళ్ళు అడిగితే ఏం చెప్పమంటారు?" గౌస్ బాషా నసిగాడు.

నేను అప్పటికే పక్క పలక రుద్దుతున్నాను.

"మొదటి రకం ఇక్కడే అమ్ముడుపోతోందని చెప్పు బాషా అన్నా. కావాలంటే వచ్చి మా వెనక వరసలో నిలబడమను."