మణికట్టు చెప్పిన తేదీ

సీజన్ ముగిశాక హనుమాయమ్మకి పది రోజుల పని ఉండేది. గోల్ వలలు విప్పించి, తెగినచోట గుర్తుగా ఎర్రదారం కట్టి, మడత పెట్టించాలి. పన్నెండు టీముల నుంచి నంబర్ల ప్రకారం చొక్కాలు వెనక్కి తీసుకోవాలి. ఎల్లో కార్డుల చిట్టా రాయాలి, రిఫరీల రిపోర్టులు తేదీల వారీగా కుట్టాలి. ఇవన్నీ అయ్యాక, మొదటి రెండు స్థానాల్లో నిలిచిన టీముల పిల్లల చేతులు చూడాలి.

ఆమెది బాపట్ల. ముప్పై రెండేళ్ళ కింద దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. పంతొమ్మిదేళ్ళుగా బాలల ఫుట్‌బాల్ లీగుకి కార్యదర్శి. కర్మన్‌ఘాట్ వెళ్ళే దారిలో, గ్రౌండు మూలనున్న రేకుల గదే లీగు ఆఫీసు.

పిల్లవాడి ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటే, వాడు పుట్టిన రోజు ఆమెకి తెలిసేది. ముందు ఆనాటి ఎండో వానో తగిలేది, తర్వాత ఆ ఇంటి వాసన, చివరికి తేదీ. రిజిస్టరులో దానికోసం 'చేతి తేదీ' అని ఒక గడి ఉంది. సర్టిఫికెట్‌కీ చేతికీ తేడా వస్తే జిల్లా సంఘం చేతి తేదీనే తీసుకునేది. పిల్లల్ని వయసు తేల్చే ఎక్స్‌రేలకి పంపే బాధ తప్పిందని వాళ్ళ సంతోషం. పిల్లలు పుట్టిన తేదీ మర్చిపోయిన తల్లులు జాతకం కోసం ఆమె ఇంటికొచ్చేవాళ్ళు. "సీజన్ చివర్లో రండమ్మా, ఇప్పుడు కాదు" అని పంపేసేది.

ఆ ఏడు సీజన్, ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో ముగిసింది. బడులు మూసేశారు. బస్సులు డిపోల్లో ఉన్నాయి. ఆఫీసులకి తాళాలు. బొగ్గు రాక కరెంటు కూడా గంటల లెక్కన పోతోంది. జాతీయ రహదారి మీద ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ నిరసనగా వంటా వార్పూ. ఆ సందట్లోనే ఫైనల్ జరిగింది. ఎల్బీనగర్ పిల్లల టీము, దిల్‌సుఖ్‌నగర్ కాలనీ టీముని పెనాల్టీల్లో ఓడించింది. ఎల్బీనగర్ గోలీ మహిపాల్ మూడు బంతులు ఆపాడు.

మర్నాడే కాలనీ టీము మేనేజరు పట్టాభి కంప్లెయింటు పెట్టాడు. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు, గుంటూరు మనిషి. లీగులో ఆడాలంటే తొంభై ఐదు జనవరి తర్వాత పుట్టి ఉండాలి. మహిపాల్ పేరున లీగుకిచ్చిన జిరాక్సులో తొంభై ఐదు జూన్ అనే ఉంది. పట్టాభి ఎక్కడ సంపాదించాడో గానీ, అసలు సర్టిఫికెట్ కాపీ తెచ్చాడు. అందులో ఉన్నది తొంభై నాలుగు. నాలుగుని ఎవరో ఐదు చేశారు.

ఆదివారం ఆయన హనుమాయమ్మ ఇంటికొచ్చాడు. కాఫీ వద్దన్నాడు.

"మిమ్మల్ని అబద్ధం చెప్పమనట్లేదండీ. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు. బయట గొడవలు చూసి భయపడి, వాళ్ళ వైపు మాట్లాడతారేమోనని నా దిగులు."

"భయపడితే పంతొమ్మిదేళ్ళు ఈ పని చేసేదాన్నా పట్టాభీ?"

"అప్పటి రోజులు వేరు కదండీ" అని ఆయన లేచాడు.

సోమవారం పొద్దున ఆమె గది తాళం తీసేసరికి ఎల్బీనగర్ టీము కోచ్ దశరథ మెట్ల మీద కూచుని ఉన్నాడు. ఆయన సమ్మెలో ఉన్న ఆర్టీసీ కండక్టరు. గడ్డం పెరిగి ఉంది.

"మేడం, మీ చెయ్యి మీద నాకు షక్ లేదు. కానీ బయట మావోళ్ళు ఒక్కటే మాటంటున్నరు. ఆంధ్రామె ఆంధ్రోళ్ళకే ఇస్తది కప్పు అని. నేనెంత చెప్పినా ఇంటలేరు."

"నువ్వేమనుకుంటున్నావు?"

దశరథ లేచి గ్రౌండు వైపు నడిచాడు.

ఆ చెయ్యిని అనుమానించినవాళ్ళు ఎవరూ లేరు. చేతికి తెలిసింది నోరు చెప్తుందా అన్నదే అందరి అనుమానమూ. తాళంచెవి కొంగుకి ముడేసుకుంటూ, ఇది వచ్చే ఏడు తన దగ్గర ఉంటుందా అనుకుందామె. అలా అనుకోవడం అదే మొదలు.

ఫలితాలూ, రాష్ట్ర శిబిరానికి వెళ్ళగల పిల్లల పేర్లూ ఆ సాయంత్రం ఐదులోపు జిల్లా సంఘానికి ఫాక్సులో చేరాలి. శిబిరానికైతే తొంభై ఆరు జనవరి తర్వాత పుట్టినవాళ్ళే అర్హులు. మూడింటికి కరెంటు పోతుంది, మళ్ళీ ఏడుకి గానీ రాదు. అంటే మూడులోపే అంతా తేలాలి.

ఒంటిగంటకల్లా పిల్లలు వరస కట్టారు. కాలనీ టీము పిల్లల చేతులు చూసింది, తేడాల్లేవు. ఎల్బీనగర్ పిల్లల్లో పది మంది అయ్యారు. ఆ వేళకి గేటు బయట నలభై యాభై మంది చేరారు. చౌరస్తా నుంచి డప్పులతో వచ్చినవాళ్ళు. డప్పు ఆగింది గానీ వాళ్ళు కదల్లేదు. ఎవడో గేటు మీద కర్రతో కొడుతున్నాడు, ఆగి ఆగి.

మహిపాల్ వచ్చి నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా, చేతులు మోకాళ్ళదాకా ఉన్న పిల్లవాడు. వెనక వాళ్ళమ్మ అండాలమ్మ. నల్లగొండ పక్క పల్లె నుంచి పిల్లవాడి చిన్నప్పుడే వచ్చి, ఇక్కడ నాలుగిళ్ళల్లో వంట చేస్తోంది. మొగుడు రామస్వామి లారీ డ్రైవరు, సమ్మెలో ఎక్కడో చిక్కుకుపోయాడు.

"కూచో నాన్నా. ఎడమ చెయ్యివ్వు."

వాడి చెయ్యి చల్లగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది. పట్టాభి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. దశరథ గోడకి ఆనుకున్నాడు.

వాన తగిలింది. పెంకుల మీంచి కారుతున్న వాన. కిరసనాయిలు వాసన, వేపాకు పొగ. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు వినపడింది. దాని పక్కనే ఇంకో ఏడుపు కూడా ఉంది, పెద్దవాళ్ళది. పురిటింట్లో అలాంటి ఏడుపు ఆమె ఎప్పుడూ వినలేదు. వేళ్ళు తీసి, మళ్ళీ ఆనించింది. తేదీ మారలేదు.

కళ్ళు తెరిచి పట్టాభి వంక చూసింది, దశరథ వంక చూసింది. తర్వాత అండాలమ్మ వంక చూసింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"తొంభై ఆరు ఆగస్టు పంతొమ్మిది" అంది హనుమాయమ్మ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు.

"తొంభై నాలుగు కాదా అండీ?" అన్నాడు పట్టాభి.

"కాదు. ఐదూ కాదు. వీడికి నిండా పదిహేనేళ్ళే. నువ్వు తెచ్చిన కాగితం దొంగదని నేననను పట్టాభీ. అది నిజమైందే. కానీ వీడిది కాదు."

మహిపాల్ తల్లి వైపు తిరిగాడు. "నాది కాకుంటే ఎవరిదే అమ్మా?"

అండాలమ్మ కింద కూలబడింది.

"మీ అన్నది బిడ్డా. మహిపాల్ అంటే మీ అన్న పేరు. రెండేండ్లోడు. జరమొస్తే నల్లగొండ దవాఖానకు ఎత్కపోయినం, దక్కలే. వాడు పోయిన తొమ్మిదోనాడు నువ్వు పుట్టినవ్. నీకు పేరు పెట్టే తెలివి మాకేడిది? చిన్నోడా అని పిలిచెటోళ్ళం. బడిల కాయితమడిగితే ఇంట్ల ఉన్నది అదొక్కటే. అదే ఇచ్చిన." ఊపిరి తీసుకుంది. "బడిల మహిపాల్ అని పిలుస్తరు గద. నువ్వు పలికినప్పుడల్లా ఇద్దరూ పలికినట్టుండేది నాకు. ఆ కాయితం చింపుదామంటే చేతులు రాలే."

పిల్లవాడు తన చెయ్యి ఇంకా బల్ల మీదే ఉందని మర్చిపోయాడు.

బయట గేటు చప్పుడు పెద్దదైంది. "ఏమైంది? ఏం తేల్చిన్రు?" అని కేకలు.

హనుమాయమ్మ గడియారం చూసింది. రెండుంపావు. రూల్సు పుస్తకం తియ్యలేదు, ఆమెకి అందులో ప్రతి వాక్యమూ నోటికి వచ్చు.

"పిల్లవాడు వయసు దాటలేదు, వాడి మీద వేటు లేదు. కానీ దిద్దిన కాగితంతో ఆడించారు. దిద్దింది ఎవరైనా, టీముకి ఆ మ్యాచి పోతుంది. కప్పు కాలనీకి వెళ్తుంది."

ఆ మాట బయట ఉన్నవాళ్ళు వింటే ఏమనుకుంటారో ఆమెకి తెలుసు.

పట్టాభి ముఖంలో గెలిచిన సంతోషం లేదు. "అమ్మగారూ, ఇప్పుడు ఈ సంగతి బయట చెప్తే మిమ్మల్ని ఇక్కణ్ణుంచి వెళ్ళనివ్వరండీ. నేను కంప్లెయింటు వెనక్కి తీసుకుంటా."

"నువ్వు తీసుకున్నా కాగితం దిద్దింది దిద్దినట్టే ఉంటుంది."

గోడకి ఆనుకున్న దశరథ ముందుకొచ్చాడు.

"నేనే దిద్దిన మేడం" అన్నాడు. "పోరడు మంచిగ ఆడుతున్నడు, ఏడు నెలలకోసం ఆగిపోతడా అనుకున్న. వాళ్ళమ్మకు తెల్వది, వానికీ తెల్వది. బ్లేడుతోని గీకి ఐదు చేసిన. గీకకుంటే నిజం అప్పుడే బయటపడుతుండె, పోరనికి కప్పు దక్కుతుండె." తలుపు వైపు తిరిగాడు. "మీరు బయటికి రాకుండ్రి. నేను పోయి చెప్త."

ఆయన గేటు దాకా నడిచి వెళ్ళడం కిటికీలోంచి కనిపించింది. గేటు తెరిచి జనం మధ్యకి పోయాడు. ఏం మాట్లాడాడో వినపడలేదు. ఒకడు ఆయన కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు విడిపించాడు. దశరథ రెండు చేతులూ జోడించి ఏదో చెప్తూనే ఉన్నాడు, పిల్లలు గదిలో ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. పది నిమిషాలకి కర్రలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే చౌరస్తా వైపు మళ్ళారు. ఆయన తిరిగొచ్చాడు. చొక్కా జేబు చినిగి వేలాడుతోంది.

"ఒక సీజన్ నువ్వు గ్రౌండులోకి రాకూడదు దశరథా" అంది హనుమాయమ్మ.

"రాను మేడం."

శిబిరం జాబితా ఆమె ముందు ఉంది. తొంభై నాలుగు, తొంభై ఐదు అనుకున్నన్నాళ్ళూ ఈ గోలీ పేరు అందులో రాయాలన్న ఊహే ఎవరికీ రాలేదు. ఇప్పుడు వాడు అర్హుడు. పెన్ను తీసి, ఆగింది.

"పేరేం రాయమంటావు అండాలమ్మా? చనిపోయినవాడి పేరు నేను రాయలేను."

అండాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. గడియారం రెండూ ముప్పావు దాటింది. ఫాక్సు షాపు రోడ్డు అవతల ఉంది.

పిల్లవాడు కుర్చీలోంచి లేచి తల్లి ముందు గొంతుక్కూచున్నాడు.

"కడుపుల ఉన్నప్పుడు నాకేం పేరు పెడుదామనుకున్నవ్ అమ్మా?"

ఆమె వాడి తల నిమిరింది. తర్వాత, ఎవరో వింటారన్నట్టు చిన్నగా చెప్పింది. "యాదగిరి. గుట్టకు మొక్కుకున్న. యాదగిరి అందామనుకున్న."

"అదే రాయిండ్రి మేడం" అన్నాడు వాడు.

హనుమాయమ్మ రాసింది. యాదగిరి, తండ్రి రామస్వామి, గోల్‌కీపర్, చేతి తేదీ 19-8-1996. సంతకం పెట్టి కాగితం పట్టాభి చేతికిచ్చింది. ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా రోడ్డు దాటి పరిగెత్తాడు. ఫాక్సు వెళ్ళిన రెండు నిమిషాలకి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కరెంటు పోయింది.

మర్నాడు పెత్రమాస. పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యమిచ్చే రోజు. అండాలమ్మ ఏటా అత్తమామలకి ఇచ్చేది, కొడుక్కి ఎన్నడూ ఇవ్వలేదు. ఆ ఉదయం ఆమె తలస్నానం చేసి, బియ్యం, పప్పు, బీరకాయలు, చింతపండు పళ్ళెంలో పెట్టుకుని వాడకట్టు గుడికి వెళ్ళింది. పిల్లవాడు తోడు వచ్చాడు.

"ఎవరి పేరు మీదమ్మా?" అని పంతులు అడిగాడు.

ఆమె అత్త పేరు చెప్పింది, మామ పేరు చెప్పింది. పళ్ళెం గట్టిగా పట్టుకుంది.

"మహిపాల్" అంది. "నా పెద్దకొడుకు."

అని, పదిహేనేళ్ళ ఏడుపు అక్కడే, ఆ మెట్ల మీద, అందరి ముందూ ఏడ్చింది. పళ్ళెం చేతుల్లోంచి జారబోతే చిన్నకొడుకు కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. ఒక్క గింజ కూడా కింద పడలేదు.