గౌరీశంకరారోహణము

పుష్యమాసారంభమున నొకనాటి యుషఃకాలమున తూర్పుకనుమల లోయలన్నియు నెవ్వరో పొయ్యిమీద నుంచి మఱచిపోయిన పాలవలె తెల్లగా బొంగి యంచులదాక నిలిచి వలిసెపూల పసుపుచేలమీద హిమబిందుజాలము సన్నని ముత్యపుసరములవలె వ్రేలాడుచుండ గిరిశిఖరములు మాత్రము నురుగులో మునిగిన గరిటెల కాడలవలె పైకిదేలి యచ్చటచ్చట గనబడుచుండ సూర్యభగవానుడు సైతము లేవవలెనా వలదా యని యొక పాదము దుప్పటిలోపలను మఱియొక పాదము వెలుపలను నుంచుకొని తటపటాయించుచున్న వేళ తెల్లమెట్ట యను నొక సామాన్యపర్వతము క్రింద వ్యానొకటి వచ్చి నిలిచెను.

సామాన్యపర్వతమన్నచో తెల్లమెట్ట నొచ్చుకొనదు. అది హిమవంతుని బంధువర్గములో పెండ్లిపిలుపునకు గూడ నోచుకొనని దూరపుచుట్టము. దానిపై గుహలు లేవు మునులు లేరు సింహశార్దూలములు మొదలే లేవు. గడ్డియు రాళ్లును గాలియు గలవు. తెల్లవాఱుచుండగా నెక్కినవారు మధ్యాహ్నభోజనమునకు దిగిరావచ్చును. అయినను చలిదినములలో దాని నెత్తిపై నిలిచి మేఘములను క్రిందుగా జూడవచ్చునను నాశచేత మైదానపు జనులు దుప్పట్లు విడిచి యచ్చటికి వచ్చుచుందురు.

ఆనాడు వ్యానునుండి దిగిన దంపతుల దండులో కడపట దిగినది వర్ధనమ్మ. చీరపై నొక స్వెట్టరును స్వెట్టరుపై నింకొక స్వెట్టరును దానిపై భర్తగారి పాతకోటును కోటుపై శాలువయు తలకు కోతిటోపీయు కాళ్లకు మేజోళ్లును మేజోళ్లతో నెన్నడును బొసగని చెప్పులును ధరించి ప్రథమపర్వతారోహణమునకు సర్వసన్నద్ధయై నిలిచిన యా యిల్లాలిని జూచి దండునకు నాయకుడైన పైడిరాజు నఖశిఖపర్యంతము పరికించెను.

"ఏటమ్మగారూ, బీరువా ఒక్కటే ఇంట్లో వదిలేసినట్టున్నారు."

"తెద్దామనే అనుకున్నాను నాయనా. తాళం దొరకలేదు," అని వర్ధనమ్మ శాంతముగా బదులుచెప్పెను.

"రెండు తీసెయ్యండి. ఎక్కేటప్పుడు కాస్త చలేస్తూ ఉండాలి. చెమట పట్టిందంటే పైన గాలికి గడ్డకట్టేస్తారు. ఇది నా మాట కాదు, మాస్టారి మాట."

ఆ మాస్టారు వర్ధనమ్మ ప్రక్కనే నిలిచి తన మాటను దానే క్రొత్తగా విని మెచ్చుకోలుగా దలయూచెను.

"బాగా చెప్పాడు. ఎవరబ్బాయి?"

పైడిరాజు ముఖము త్రిప్పుకొని వ్యానుతలుపు మూయుటకు బోయెను. అది యదివఱకే మూయబడియుండెను.

వర్ధనమ్మ భర్తయగు గౌరీశంకరముగారు విజయనగరమునందొక పాఠశాలలో చిరకాలము భూగోళశాస్త్రమును బోధించి విరమించినవారు. చలిగాలి మొదలైనంతనే ప్రతి యాదివారమును పైడిరాజువంటి శిష్యులను వెంటబెట్టుకొని యేదో యొక మెట్ట నెక్కివచ్చుట వారి వ్రతము. పులిహోర కట్టియిచ్చుట యామె వ్రతము. గుమ్మము దాటుచు నాయన ప్రతిసారియు వెనుదిరిగి "ఏమోయ్, ఈసారైనా వస్తావా?" యని యడుగును. చలికి చెవులు నొచ్చుననియు పెరుగు తోడుకొనదనియు పనిమనిషి రాలేదనియు నామె యొక్కొక్కసారి యొక్కొక్క శాస్త్రప్రమాణమును జూపి "వచ్చే చలికాలానికి చూద్దాం లెండి" యని ముగించును. చలికాలములు వచ్చుచునే యుండెను. పులిహోరయు వెళ్లుచునే యుండెను.

ఇచ్చట నా యిల్లాలి నియమమొక్కటి చెప్పవలసియున్నది. భర్తపేరు నోట నుచ్చరించినచో నాయన యాయుర్దాయము తఱుగునని యామె పుట్టినింట విని మెట్టినింట బాటించినది. కళాశాలలో తర్కశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొన్నది గావున నీ విశ్వాసమునకు ప్రమాణము లేదని యామె యెఱుగును. ప్రమాణము లేకపోవచ్చును గాని పరీక్షించి చూచుటకు దనకు రెండవ భర్త లేడుగదా యని యూరకుండెను. దైవవశమున హిమాలయములలో నా పేరుగల శిఖరమొకటి యుండుటచేత ఇరుగుపొరుగు పిల్లల చదువు వినునప్పుడు గూడ నా శిఖరమును "మీ మాస్టారి కొండ" యని చుట్టుత్రోవను దాటెడిది. ఆయనయు ముసిముసినవ్వులతో "ఏమోయ్, దాని అసలు పేరేమిటి?" యని వెనుకనుండి యడిగెడివారు. "మీరు రోజూ అద్దంలో చూసే కొండే" యని యామె పప్పు కలియబెట్టుకొనెడిది.

అట్టి మహానుభావుని మనస్సు కొంతకాలముగా నొక్కొక్క దీపమే యార్పుకొనుచు వచ్చుచున్న యిల్లయ్యెను. మొదట దేశముల రాజధానులు పోయెను. పిమ్మట నదులు పోయెను. పిమ్మట తన యింటి వీధియే పోయెను. కడపట నొక సాయంకాలము పెరటిలో బట్టలారవేయుచున్న వర్ధనమ్మను జూచి "మీరు పక్కింట్లోకి కొత్తగా వచ్చారా అండి?" యని మర్యాదగా నడిగెను. ఆనాటినుండి "ఏమోయ్" అను పిలుపు వినబడలేదు. అయినను నొక్కటి మిగిలెను. వంటయింటినుండి యామె "ఏమండీ" యని పిలిచినచో వార్తాపత్రిక వెనుకనుండి పూర్వమువలెనే "ఊఁ" యని యాయన పలుకును. ముఖము మఱచినను స్వరమును మఱవలేదో స్వరమును గూడ మఱచి పలుకుట యొక్కటి మఱవలేదో యెవ్వరెఱుగుదురు. ఆ యొక్క యూకారమే యామె సంసారము. తెల్లవాఱకముందు వ్యానులో "ఏమండీ, చలేస్తోందా?" యన్నప్పుడును నాయన "ఊఁ" యనెను. ఇన్నేండ్లును రమ్మని పిలిచిన చోటికి దాను వచ్చినచో నా చోట నాయనకు దాను జ్ఞప్తికి వచ్చి యొక్కసారి "ఏమోయ్" యనకపోవునా యనునదియే యామె యాశ. మోకాళ్లు వలదన్నను పర్వతారోహణమునకు బూనుకొన్నది యందుకొఱకే.

ఆమె శాలువ యొక కొనను భర్త మణికట్టునకు గట్టి రెండవకొనను దన పిడికిట బట్టుకొని బయలుదేఱెను. మనస్సు మఱచిన త్రోవను పాదములు మఱవలేదు. ఆయన యే రాతిపై నిలువవలెనో యే రాతిని దప్పించుకొనవలెనో యెఱిగిన మేకవలె నిశ్చింతగా నెక్కుచుండెను. వర్ధనమ్మకు మాత్రము తొలిమలుపు నాటికే గుండె గొంతులోనికి వచ్చి కూర్చుండెను. మంచుతడిసిన గడ్డిపై చెప్పులు జారెను. స్వెట్టరులోపల చెమటయు ముక్కుకొనయందు మంచును నేకకాలమున దన్ను బాధించుచుండ నీ సుఖమునకా యితరులు దుప్పట్లు విడిచి వచ్చుదురని యామె యాశ్చర్యపడెను. మాటలాడుటకు మాత్రము ఊపిరి చాలకపోయెను.

శిఖరము చేరునప్పటికి సూర్యుడు రెండవ పాదమును గూడ వెలుపల బెట్టెను. క్రింద మేఘసముద్రము బంగారుచాయ దిరిగి నిశ్చలముగా నుండెను. తాను తిరస్కరించిన చలికాలములన్నియు నచ్చట బోగుపడి పరచుకొనియున్నట్లు తోచి వర్ధనమ్మ చాలసేపు కదలలేదు. గౌరీశంకరముగారు నటే చూచుచుండిరి. ఆయన కనుబొమలమధ్య ముడి సడలెను. మెల్లగా నామెవైపు దిరిగెను. పెదవులు తెఱచుకొని "ఏ..." యన్నంతవఱకు వచ్చి నిలిచెను.

కాఫీవాసన తగిలినచో మిగిలిన యక్షరము గూడ వచ్చునని యామెకు దోచెను. ఇంటిలో దినమంతయు కాఫీకప్పుతోడనే గదా "ఏమోయ్" మొదలగుట. సంచినుండి ఫ్లాస్కు దీసెను. ఫ్లాస్కు మూత త్రిప్పుటకు రెండుచేతులును గావలెను. శాలువకొనను రాతిక్రింద నొత్తిపెట్టి మూత త్రిప్పెను.

అంతలో లోయనుండి గాలి లేచి మేఘసముద్రమును మెట్టపైకి దోలెను. చేతిలోని కప్పు కంటికి గనబడకుండెను. వర్ధనమ్మ తడుముకొని శాలువను లాగెను. మణికట్టు ముడి వీడిన శాలువ యంతయు తేలికగా నామె యొడిలోనికి వచ్చెను.

"ఏమండీ."

"ఆఁ, వస్తున్నానే," అని కుడివైపు మంచులోనుండి యొక కంఠము పలికెను.

"ఇక్కడే ఉన్నాను, ఏంటి?" అని యెడమవైపునుండి యింకొకటి.

"నేనేం తినలేదే బాబూ, డబ్బా మూసే ఉంది," అని వెనుకనుండి మఱియొకటి.

ఆ కంఠములలో నామెకు గావలసినది లేదు. పైడిరాజు తడుముకొనుచు వచ్చి యామె మోచేయి పట్టుకొనెను.

"అమ్మగారూ, ఏమండీ అంటే ఈ మెట్ట మీద మొగుళ్ళందరూ పలుకుతారు. నేను మాస్టారూ అన్నాను, సిగ్గిడిచి పేరుతో కూడా కేకేశాను. మగగొంతుకి పలకట్లేదు. మీరు పేరెట్టి పిలవండి."

"ఏమండీ," అని యామె మఱల బిలిచెను.

ఉత్తరమున నొక చిన్నరాయి దొర్లిన చప్పుడు వినబడెను. దొర్లి దొర్లి యది నేల నెచ్చటను దాకిన చప్పుడు వినబడలేదు. ఆ వైపున మెట్ట యొక్కసారిగా దెగిపోయి లోయయే యున్నదని వచ్చునప్పుడే పైడిరాజు హెచ్చరించియుండెను.

పేరు పలికిన నాయుర్దాయము తఱుగును. పలుకకున్న నాయుర్దాయము మిగులదు. కళాశాలలో జదివిన తర్కమంతయు నీ రెండు వాక్యములయొద్దకు వచ్చి చేతులు కట్టుకొని నిలువబడెను. గారు చేర్చుటకు గూడ వ్యవధి లేదు.

"గౌరీశంకరం."

జీవితకాలమంతయు నాలుకక్రింద దాచియుంచిన యా పేరు తెల్లని యా శూన్యములోనికి నిర్భయముగా వెడలెను. ఎదుటి మెట్టలు దానిని బట్టుకొని యొకదానికొకటి యందించుకొనెను. ఆమె మఱల మఱల బిలిచెను. ఎన్నిసార్లు పిలిచెనో యామెకు దెలియదు.

"ఆఁ, ఇక్కడున్నానమ్మా," అని చిన్నపిల్లవానివలె నాయన యుత్తరమునుండి పలికెను.

"కదలకండి. ఒక్క అడుగు కూడా వెయ్యకండి."

పైడిరాజు నేలపై బ్రాకి పోయి యాయన నడుమును గౌగిలించుకొని వెనుకకు లాగెను. మంచు కొంచెము విడినప్పుడు చూడగా నాయన నిలిచియున్న రాతికి ముందు గడ్డిపోచ గూడ లేదు.

వర్ధనమ్మ యాయన చేతులు రెండును బట్టుకొని "పిలుస్తుంటే పలకరేమండీ" యని యేడ్చెను. ఆయన చేతులు విడిపించుకొనలేదు గాని పరస్త్రీ పట్టుకొన్నందున మొగమాటపడుచున్నట్లు కనుపించెను.

"ఎవరావిడో వాళ్ళాయన్ని ఏమండీ ఏమండీ అని ఒకటే పిలుస్తోంది. పాపం, ఆ మహానుభావుడు పలకడేంటా అనుకున్నాను."

"అది మిమ్మల్నే."

"నన్నెందుకు పిలుస్తారండి? మా ఆవిడ మెట్టలెక్కదు. ఇంట్లో ఉంటుంది." ఆయన కొంచెమాలోచించి మృదువుగా మఱల ననెను. "పేరుతో పిలిచారు చూడండి, అప్పుడు పలికాను. మా అమ్మ పోయాక ఆ పేరు అలా ఎవరూ పిలవలేదు. మా ఆవిడైతే చచ్చినా పిలవదు. మీరు మా ఊరివారా అండి?"

పైడిరాజు నోరు తెఱవబోయెను. వర్ధనమ్మ కనుసన్నచేత వారించెను.

"మీ ఊరేనండి," అని కొంగుతో ముఖము దుడుచుకొనెను.

పులిహోర నెవ్వరు దినిరో యెవ్వరెఱుగుదురు. దిగునప్పుడు వర్ధనమ్మ యొక మలుపునొద్ద నిలిచి కడసారిగా నెవ్వరికిని వినబడనంత మెల్లగా "ఏమండీ" యనెను.

ఆయన వెంటనే మర్యాదగా దిరిగెను.

"చెప్పండి."

ఊకారమునకును నీ మాటకును గల దూరమెంతయో భూగోళశాస్త్రము కొలువజాలదు. ఆమె దానిని నిలుచున్న చోటనే గొలిచెను. చెప్పవలసినది మఱచితినని చెప్పెను.

"మీకు చలికాలం మెట్టలు కొత్తనుకుంటాను," అని యాయన యామె చెప్పుల వంక జాలిగా జూచెను. "పక్కకి తిరిగి అడుగెయ్యండి. గడ్డి మీద వద్దు, జారుతుంది. ఆ శాలువా కొస ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను. భయం లేదు."

ఆమె యిచ్చెను. ఉదయమున నామె యాయనకు గట్టిన కొననే యాయన తన పిడికిట జుట్టుకొని ముందు నడిచెను. రాయి వచ్చినచోట రాయియనియు బురద వచ్చినచోట బురదయనియు జెప్పుచు ప్రతి వంకరకును నిలిచి వెనుదిరిగి చూచుచు దిగెను. అంత శ్రద్ధగా నాయన తన నడక నెన్నడును జూచియుండలేదని యామెకు దోచెను. ఇన్నేండ్లును దాను నిరాకరించిన దిదియే గదా యనియు దోచెను.

"మా ఆవిడకి చలి పడదండి," అని నడుమ నాయన యనెను. "ఏటా పిలుస్తాను. ఏదో వంక చెబుతుంది. మంచిదే, కొంచెం పెంకి. వచ్చే చలికాలానికి ఎలాగైనా తీసుకొస్తాను. మీరు కూడా రండి, తోడుంటారు."

"తీసుకురండి. ఈసారి అడగండి, వస్తుంది."

"మీకెలా తెలుసు?"

"ఆడవాళ్ళకి తెలుస్తుంది లెండి."

ఆయన యా సమాధానమునకు సంతోషించెను.

మెట్టక్రింద మంచు పూర్తిగా విచ్చి వలిసెచేలు పసుపు పూసుకొన్నట్లు వెలుగుచుండెను. ఎదురుగా నెక్కివచ్చుచున్న యొక క్రొత్తజంట శాలువ చెఱియొక కొనను బట్టుకొని నెమ్మదిగా దిగుచున్న యా వృద్ధుల నిరువురను జూచి త్రోవనిచ్చి ప్రక్కకు దొలగి యెంత యన్యోన్యమైన దంపతులోయని తమలో దాము చెప్పుకొనిరి. వారనుకొన్నది నిజమే. అది నిజమని యా యిరువురిలో నెఱిగినది యొక్కతెయే.