స్విచాఫ్ చేశాం, ముట్టుకోవద్దు

నేను ఒక రేకుముక్కను. పాత నూనెడబ్బా కోసి, నల్లరంగు పూసి, పెయింటరు నా మీద మొదట 'విద్యుత్ సరఫరా నిలిపివేయబడినది' అని రాశాడు. జిన్నింగ్ మిల్లులో ఒక్కరూ దాన్ని చివరిదాకా చదవలేదు. చివరికి అది చెరిపేసి, 'స్విచాఫ్ చేశాం, ముట్టుకోవద్దు' అని రాశాడు. ఇంగ్లీషు మాటే కావచ్చు గానీ పత్తి ఏరే ఆడవాళ్లకూ లారీ డ్రైవర్లకూ అది ఇంటిమాటే. ఫోను స్విచాఫ్, మోటారు స్విచాఫ్, చెప్పింది వినని మొగుడి బుర్రా స్విచాఫే!

నా పని చిన్నది. పత్తి నుంచి గింజ తీసే రోలర్ల మధ్య చేతులు పెట్టేముందు ఫిట్టర్ మౌలాలి మెయిన్ హ్యాండిల్ కిందికి దించి, దానికి నన్ను తగిలించేవాడు. పనయ్యాక తనే తీసేవాడు. ఆ కాసేపూ అతని ప్రాణానికి నేనే కాపలా.

ఫోర్‌మన్ శేషయ్యకు ఇదంతా చాదస్తంగా కనిపించింది. "రోజూ ఈ తద్దినమేంటయ్యా? అక్కడే ఉండనీ. జాగర్తేగా!" అన్నాడు.

అప్పట్నుంచి మిల్లు గడగడా తిరుగుతున్నా నేను 'స్విచాఫ్' అంటూ వేలాడుతూనే ఉన్నాను. పచ్చి అబద్ధాలకోరునైపోయాను. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం మబ్బులు కమ్మాయి. పత్తంతా ఆరుబయట ఉంది. రోలర్‌కు ఏదో తాడు చుట్టుకుంటే మౌలాలి హ్యాండిల్ దించి లోపలికి వంగాడు. బయట్నుంచి శేషయ్య పరుగెత్తుకొచ్చాడు.

"మిల్లు ఆపిందెవడ్రా? వాన ముంచుకొస్తంటే!"

నన్ను పక్కకు నెట్టి హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను అతని కళ్లెదుటే ఉన్నాను. అరవడానికి నాకు నోరేదీ? హ్యాండిల్ సగం లేచింది.

"ఆపయ్యా! మా ఆయన లోపలున్నాడు!"

పత్తి ఏరుతున్న హుసేనమ్మ, మౌలాలి భార్య, ఒక్క ఉదుటున వచ్చి అతని చేయి పట్టుకుని వేలాడింది. శేషయ్య హ్యాండిల్ మళ్లీ కిందికి దించాడు.

"బోర్డు ఎప్పుడూ ఉండేదేగా అనుకున్నానమ్మా."

"ఎప్పుడూ ఉండమన్నదెవురు?" అందామె, అతని చేయి వదలకుండానే.

ఆ తర్వాత యజమాని నా పక్కకు ఇంకో రేకు చేయించాడు. దాని మీద 'నిజంగా స్విచాఫ్ చేశాం' అని ఉంటుంది. కొన్నాళ్లు దాన్ని బుద్ధిగా తగిలించారు, బుద్ధిగా తీశారు. తర్వాత తీయడం మానేశారు. మిల్లు తిరుగుతుంటే ఇద్దరం పక్కపక్కనే ఊగుతుంటాం.

ఇప్పుడే మిల్లు ఆగింది. మౌలాలి రోలర్ల వైపు వంగుతున్నాడు. హుసేనమ్మ ఇవాళ పనికి రాలేదు.