పొంచిక్ అనకూడని ఊరు

ఓడ దిగి ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకు వీసా ఉండదు. పొద్దున్న రేవులో మా చేతికి అప్పగించిన కుటుంబాన్ని సాయంత్రం మళ్ళీ రేవులోనే ఒప్పజెప్పాలి. మధ్యలో ఎవరూ మమ్మల్ని వదిలి పక్క వీధికి కూడా పోకూడదు. అందుకే పీటర్స్‌బర్గ్‌లో మా గైడ్ పని సగం చరిత్ర చెప్పడం, సగం కాపలా కాయడం. చరిత్ర నెల్లీ ఆర్కద్యెవ్నా చెబుతారు. ఆవిడా, వాళ్ళ అమ్మా, అమ్మమ్మా ఇక్కడే పుట్టారు. కాపలా నాది. మాది తంబోవ్ పక్కన బంగాళాదుంపలు పండించే పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, ఏ పని ఇచ్చినా వేలెత్తి చూపించుకోకూడదని నాకు కొంచెం పట్టుదల.

ఆ రోజు మాకు వచ్చింది స్కాట్లాండ్ కుటుంబం: మొరాగ్ అనే టీచరమ్మ, ఆమె కూతురు ఐల్సా, మొరాగ్ వాళ్ళ నాన్న అలస్టెర్. ఆయన ఉద్యోగమంతా బస్సు నడిపి రిటైరయ్యారు. ఈ ప్రయాణం కోసం ఒక పాత పాఠ్యపుస్తకం ముందేసుకుని రెండేళ్ళు రష్యన్ నేర్చుకున్నారట. మధ్యాహ్నం దాకా ఆ రష్యన్ ఎవరికీ అక్కరకు రాలేదు. రాజభవనంలో టికెట్లు నేను చూపించాను, చలికోట్లు విప్పి అప్పగించే చోట నెల్లీ ఆర్కద్యెవ్నా మాట్లాడారు. ఆయన గొంతు సవరించుకునేలోపే పని అయిపోయేది.

కారెక్కగానే మనవరాలు మొదలుపెట్టింది.

"తాతయ్యా, రెండేళ్ళు బాత్రూమ్‌లో గట్టిగా పాఠాలు చదివి మా ప్రాణాలు తీశావు. తీరా వస్తే పావురాలతో తప్ప ఎవరితోనూ మాట్లాడవే?"

"అవి బుద్ధిగా వింటాయి," అన్నారాయన.

"ఊరుకోవే, మీ తాతయ్య పదాలు పోగేసుకుంటున్నాడు. ఓడ కదిలాక మాట్లాడతాడు," అంది మొరాగ్.

ఆయన నవ్వి నా వైపు వంగారు. "అమ్మాయ్, ఇప్పుడు తినడానికి ఆగుతాంగా. అక్కడ నేనే అడుగుతాను. మీరెవ్వరూ నోరు విప్పకండి. ఒక్కసారైనా నా మాట ఈ ఊళ్ళో చెల్లిందని తెలియాలి. లేకపోతే ఇంటికెళ్ళి ఆ పుస్తకం మొహం చూడలేను."

మాట తేలిగ్గానే అన్నారు గానీ, మోకాలి మీద చెయ్యి బిగుసుకుని ఉంది.

"ఆ దుకాణంలో దొరికేదాన్ని ఏమంటారో చెప్పు చాలు," అన్నారు.

మైదాపిండిని గారెలా చిల్లు పెట్టి నూనెలో వేయించి, పైన పంచదార పొడి చల్లుతారు. "పొంచిక్," అన్నాను. ముందు సీట్లో నెల్లీ ఆర్కద్యెవ్నా ఒకసారి దగ్గారు.

దుకాణంలో వరుస గుమ్మం దాకా ఉంది. ఆయన మమ్మల్ని బల్ల దగ్గర నిలబెట్టి, ఒక్కరే వెళ్ళి వరుసలో నించున్నారు. కదిలినప్పుడల్లా పెదవులు కదుపుతున్నారు. కౌంటరు దగ్గరికి చేరాక టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"గౌరవనీయురాలా, నమస్కారము. నాకు ఎనిమిది పొంచికులను, అయిదు కాఫీలను దయచేయుడు."

తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మకందారు తలెత్తలేదు. "పొంచికులు లేవు."

ఆవిడ మోచేతి పక్కనే అవి గుట్టగా పోసి ఉన్నాయి.

"లేవా?"

"లేవు. పొంచికులు మాస్కోలో ఉంటాయి. రైలెక్కి వెళ్ళండి."

వరుసలో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. నాకప్పుడు గుర్తొచ్చింది. అది మాస్కోలో పొంచిక్, మా తంబోవ్‌లోనూ పొంచిక్. ఒక్క ఈ ఊళ్ళోనే పిష్కా. ఇక్కడివాళ్ళ చెవిన పొంచిక్ అన్న మాట పడితే కాగే నూనెలో నీళ్ళు పడ్డట్టే. ఇన్నేళ్ళయినా తొందరలో నా నోటికి మా ఊరి మాటే వస్తుంది.

నేను ముందుకు అడుగేశాను. నెల్లీ ఆర్కద్యెవ్నా నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు వార్యా. ఆయన వద్దన్నారుగా."

"తప్పు నాదండీ."

"తెలుసు. కారులోనే విన్నాను."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నోరు విప్పొద్దన్నారుగా," అన్నారావిడ, ఎటో చూస్తూ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనకనున్న కుర్రవాడు, "వేలు పెట్టి చూపించెయ్ తాతా, అయిపోతుంది," అన్నాడు. ఆయన వేలు సగం దాకా లేపారు. ఐల్సా నవ్వడం మానేసింది. ఆ వేలు మళ్ళీ కిందికి దిగింది.

"ఇది యేమి?" అని అడిగారు. ఏ పుస్తకంలోనైనా మొదటి పాఠంలో మొదటి వాక్యం.

అమ్మకందారు ఇప్పుడు తలెత్తింది. "ఇదా? పిష్కా."

"అదియు పిష్కాయేనా?"

"అదీ పిష్కానే."

"దాని వెనుకనున్నది?"

"అన్నీ పిష్కాలే తాతగారూ. ఒక్కొక్కదాన్నీ పలకరిస్తానంటే నా పొయ్యి చల్లారిపోతుంది."

"అట్లయిన నాకు ఎనిమిది పిష్కా దయచేయుడు."

"ఎనిమిది పిష్కా కాదు. పిష్కాలు."

"పిష్కాలు."

"ఆఁ, ఇప్పుడు మనిషిలా మాట్లాడారు." ఆవిడ పళ్ళెంలో వేసి పంచదార పొడి కుమ్మరించింది. "ఇంత చక్కగా మాట్లాడే మనిషికి పొంచిక్ అని నేర్పిందెవరు?"

ప్రశ్న ఆయనకు అర్థమైంది. అర్థమైనందుకు ముందు ఆయనే ఆశ్చర్యపోయి, తరువాత నా వైపు తిరిగారు.

"ఆ బాలిక. ఆమె మంచిది. అయితే ఈ నగరపుది కాదు."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "మాస్కోనా?"

"తంబోవండీ."

"నయం," అంది.

ఆయన పళ్ళెం రెండు చేతులా పట్టుకుని బల్ల దగ్గరికి తెచ్చారు. అక్కడ చేతులు తుడుచుకోవడానికి ఇచ్చే కాగితం ముక్కలు దేన్నీ తుడవవు, జిడ్డును ఒక వేలి నుంచి ఇంకో వేలికి చేరుస్తాయి. అందరం పంచదార పూసుకుని తిన్నాం. మొరాగ్ కూతురి ముక్కు తుడిచి, సంచి భుజానికి వేసుకుని, "నాన్న ఏడీ?" అంది.

ఆయన మళ్ళీ వరుస చివర నించుని ఉన్నారు. ముందున్న ముసలావిడను "ఇది వరుసయేనా?" అని అడుగుతున్నారు. ఆవిడ అవునని చెప్పి, తన మోకాళ్ళ నొప్పుల గురించి మొదలుపెట్టింది. ఆయన తల ఊపుతూ వింటున్నారు.

మాలో ఎవరికీ ఆకలి లేదు. నెల్లీ ఆర్కద్యెవ్నా గడియారం చూసుకుని, వేసుకోబోతున్న కోటు మళ్ళీ కుర్చీకి తగిలించి కూర్చున్నారు.