ముగ్గురు పోసిన నీళ్ళు

కిటికీ దగ్గరి కుండీలో మొక్క వాడిపోయిందని మాస్టారు ఆదివారం పొద్దున గమనించాడు. బొటనవేలంత లావు ఆకులు, కొసలు గాజుబిళ్ళల్లా ఉండే అరుదైన సక్యులెంట్ అది, ఆకుల్లోనే నీళ్ళు దాచుకునే రకం. ఆయన భార్య విత్తు నాటి పెంచింది. ఆవిడ పోయాక ఆవిడ పెంచినవాటిలో మిగిలింది అదొక్కటే.

ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమో అనుకుని గ్లాసు అందుకున్నాడు.

"మళ్ళీ నీళ్ళెందుకు నాన్నా? నిన్న నేను పోశానుగా" అంది వెనక నుంచి కూతురు.

"నువ్వు పోశావా? మొన్న నేను పోశానే!"

వంటింట్లోంచి మాస్టారి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీ ఇద్దరికీ దాని మీద ధ్యాసే లేదనుకుని, రోజూ గ్లాసుడు నేనే పోస్తున్నాను బాబూ!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పోయినావిడ మాట ఎత్తితే మిగతావాళ్ళు ఎక్కడ కుంగిపోతారోనని, ఆ ఇంట్లో ఎవరూ మొక్క ఊసు కూడా తీయలేదు. ఎవరికి వారే చాటుగా పోశారు.

మాస్టారు మొక్కను పట్టుకుని మెల్లగా లాగాడు. మన్ను తడిసి ముద్దయింది. వేళ్ళు నానిన దారాల్లా ఊడి వచ్చాయి. నీళ్ళలో నిలబడ్డా తాగడానికి వేరు లేక ఎండుతోంది మొక్క.

"కుళ్ళింది కొయ్యాలి" అన్నాడు. చాకును స్పిరిట్‌తో తుడిచాడు గానీ, చెయ్యి ముందుకు రాలేదు. "ఎక్కడిదాకా కొయ్యను?"

"లోపల తెల్లగా కనపడేదాకా. మచ్చ మిగిలితే మళ్ళీ పాకుతుందనేది అమ్మ."

అమ్మ అన్న మాట ఆ గదిలో వినపడి చాలాకాలమైంది. ఎవరూ కుంగిపోలేదు.

ఆయన కోశాడు. గోధుమరంగు. చాకు తుడిచి మళ్ళీ కోశాడు. ఇంకా సన్నటి చార. ఇంకో ముక్క తీస్తే మొక్కే మిగలదేమో అనిపించింది. అయినా కోశాడు. తెలుపు కనపడింది. చేతిలో గుప్పెడు ఆకులు మిగిలాయి.

"గాయం నీడలో ఆరాలి. తరవాత పొడి ఇసక మీద పెట్టి, వేరు పుట్టేదాకా చుక్క నీళ్ళు తగలనివ్వకూడదు. అప్పటికీ బతుకుతుందని చెప్పలేను" అన్నాడు మాస్టారు.

"చుక్క కూడానా? పచ్చిగాయంతో ఉన్నదాన్ని అలా వదిలేస్తామా బాబూ?"

"వదిలెయ్యడం కాదత్తయ్యగారూ. చూస్తూ ఉండడం."

"అయితే ఈ బల్ల మీద, ముగ్గురి కళ్ళ ముందు పెట్టండి. ఎవరు ముట్టుకున్నా ఊరుకోను."

"ముందు నీకే కాపలా పెట్టాలి అమ్మమ్మా!"

"నోర్ముయ్యవే. మీ అమ్మకీ ఇలాగే కాపలా ఉండాల్సొచ్చేది. చిన్నప్పుడు మొక్కల దగ్గర కూచుందంటే తిండి కూడా గుర్తుండేది కాదు. కేకలేసి కేకలేసి నా గొంతు పోయేది. ఓసారైతే..." పెద్దావిడ ఆగి అల్లుడి వైపు చూసింది.

మాస్టారు చాకు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పండి. ఓసారైతే?"