కాకి ముట్టిన మాట

పోపు మాడింది. ఒక కన్ను బాణలి మీద, ఇంకో కన్ను ఫోన్‌లో, పోయిన మా అత్త పేర కాకులకు పెట్టిన ముద్ద మీద ఉంటే మాడక ఏం చేస్తుంది? కూతురు రుతుజకు పరీక్షలని మమ్మల్ని ఈ కామాఠిపురా ఒంటిగది ఖోలీలో వదిలి, మా ఆయన సాయికుమార్ తల్లి కర్మలకు ఊరెళ్లాడు. డబ్బా కట్టి పిల్లను పంపి, నేను దాదర్‌లో మందుల షాపు నౌకరీకి పరుగెత్తాలి.

మహబూబ్‌నగర్ దాటి అడవంచున ఉన్న ఆ పల్లెకు కరెంటు లేదు. బడి కప్పు మీద సోలార్ పలకలు పెట్టి నెట్ ఇచ్చారు. బ్యాటరీ పాడయ్యాక, ఎండ ఉన్నంతసేపే మాటలు. అందుకే నాకు కనపడాలని ముద్దను బడి ముందరే పెట్టారు.

మా అత్త చంద్రమ్మ రోజూ నేను షాపు తెరిచే వేళకు ఆ బడి అరుగు మీద కూర్చుని వీడియో కాల్ చేసేది. "షాపు సూపియ్యే" అనేది. అరలన్నీ చూసి, "ఇదంత నీ చేతులనే ఉన్నదా? ఇడువకు బిడ్డా. ఎవ్వలు జెప్పినా ఇడువకు" అనేది. ఎవరైనా వస్తే గబుక్కున, "పిల్ల మంచిగున్నదా?" అని మాట మార్చేది. ఆమె చనిపోయాక కూడా, ఎండ రాగానే ఆమె పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. ఫోన్ దానంతట అదే నెట్ పట్టుకుంటుంది, అంతే. అంతే అని తెలిసినా ఒళ్లు జలదరిస్తుంది.

బడి గోడ నిండా కాకులు. ఒక్కటీ దిగదు, ఒక్కటీ అరవదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు తీరని కోరిక ఉన్నట్టే. తీరుస్తామని ఎవరో ఒకరు మాటివ్వాలి. "నేను తాగుడు బంద్ జేస్త" అన్నాడు మామ ముత్తయ్య. ఆ మాట కాకులు కూడా నమ్మలేదు.

మా ఆయన ఫోన్ దగ్గరికొచ్చాడు. "రేణుకా, అమ్మకు నీ నౌకరీ రందే ఉండె. ఇడిసిపెడ్తనని అను, కాకి ముడ్తది."

"అను బిడ్డా, ముసల్ది ఆకలితోని తిరుగుతది" అన్నాడు వెనక నుంచి మామ.

ఓయమ్మ! ఆడది బయటికి పోతే ఇల్లు ఆగమైతదని ఇన్నేళ్లూ నన్ను సతాయించింది ఈయనే. ఇప్పుడు అదే మాట చచ్చినామె నోట్లో పెడుతున్నాడు. సరేనంటే రేపటి నుంచి నాకు ఈ పొయ్యి, ఈ గోడ. కాదంటే ఆమెను ఆకలితో తరిమిన కోడలిని. కాకులన్నీ ముద్దను వదిలి ఫోన్ వైపే చూస్తున్నాయి.

నేను ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. "అత్తా, నేను ఇడువ. పానం పోయినా ఇడువ."

తెర అప్పటికే నల్లబడింది. బయట నల్లా దగ్గర బిందెల కొట్లాట కూడా ఒక్కసారి ఆగిపోయింది. ఎందుకో తెలియదు.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. గొంతులో ఇంకా భయం ఉంది. "మబ్బొచ్చి నెట్ వోయింది. నీ మాట మాకెవ్వలికి ఇనరాలే. గని గప్పుడే కాకులన్ని ఒక్కపారి దిగినయ్. మెతుకు మిగల్లే. మాటిచ్చినవ్ గదా?"

"ఇచ్చిన."

"సూడు మరి, తప్పితే అమ్మ ఊకోదు."

"తప్ప" అన్నాను. "ఫోన్ పెట్టు, గిరాకీ వచ్చింది."