చిల్లులు పోయిన ఊరు

కాకినాడ మెయిన్ రోడ్డులో జనం కనకవల్లి తోపుడుబండిని చుట్టుముట్టి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ప్రతి ఫోనుకీ అడుగున, ఇయర్‌ఫోన్ పిన్ను దూరే చిల్లు ఉండాల్సిన చోట, పుండు మానాక వచ్చిన కొత్త చర్మంలా నున్నగా, కాస్త గులాబీరంగుగా ఉంది.

"ఇందాకే కదా కొన్నాను ఈ వైరు? ఇప్పుడెక్కడ పెట్టుకోమంటావ్?" అని ఒక బట్టతలాయన అరుస్తాడు.

"నేను వైరు అమ్మానండి. చిల్లు మీదే కదండీ," అంటుంది కనకవల్లి.

"చిల్లు పోతుందని తెలిసే అమ్మావు."

"తెలిస్తే చిల్లులే అమ్ముకుందునండి బాబూ. ఇయ్యాల వాటికే గిరాకీ."

నలుగురు నవ్వుతారు. బట్టతలాయన నవ్వడు. కానీ మాటలో న్యాయం ఉందని ఒప్పుకుని పక్కకి జరుగుతాడు.

ఊళ్ళో ఈ గొడవ కొన్నాళ్ళుగా నడుస్తూనే ఉంది. ముందు ఖరీదైన ఫోన్ల చిల్లులు పోయాయి. ఎవరూ నోరెత్తలేదు. తర్వాత సూది బెజ్జాలు పోయాయి. టైలర్లు తడిపిన దారం పట్టుకుని గడపల మీద కూర్చుండిపోయారు. జల్లెళ్ళు పళ్ళేలయ్యాయి. హోటళ్ళలో గారెలు నూనెలో వేసేటప్పుడు చిల్లుతోనే ఉంటున్నాయి, పైకి తేలేసరికి పూడిపోతున్నాయి. తిన్నవాళ్ళు బాగానే ఉందంటున్నారు. నడిమధ్యన మాత్రం ఏదో మరిచిపోయిన రుచి తగులుతోందంటున్నారు.

జనాన్ని తోసుకుంటూ బడి ఆయా వస్తుంది. ఆమె చేతిలో పావని చెయ్యి ఉంది. పావని కనకవల్లికి ఒక్కగానొక్క కూతురు, రెండో తరగతి.

"టీచరమ్మగారు పంపేశారమ్మా. ఎడం పక్కన నిలబడి ఎంత పిలిచినా పలకట్లేదంట. పెంకితనం అనుకుని ఓ దెబ్బ కూడా ఏశారు," అంటుంది ఆయా.

కనకవల్లి కూతురి జుట్టు పక్కకి తీసి చూస్తుంది. ఎడమచెవి ఉంది. తమ్మె ఉంది, లోపలికి తిరిగే మడతలన్నీ ఉన్నాయి. ఆ మడతలు వెళ్ళి చేరాల్సిన చోట మాత్రం దారి లేదు. గోడ ఉంది.

కుడిచెవి చూస్తుంది. అక్కడ చిల్లు ఇంకా ఉంది, మిరియపు గింజ పట్టేంత. ఆయా చెంగు సర్దుకునేలోగా అది మరికాస్త చిన్నదవుతుంది.

రోజూ బడి వదిలాక ఈ బండి దగ్గరే తల్లీకూతుళ్ళు పాత ఫోనుకి ఒకే వైరు తగిలించి, చెరో కొస చెవిలో పెట్టుకుని పాటలు వింటారు. వైరు పొట్టిది కాబట్టి తలకి తల ఆనించాలి. కుడిచెవి కూడా పూడితే పాటల మాట దేవుడెరుగు, కన్నతల్లి పిలుపే ఈ పిల్లకి ఇక చేరదు. కనకవల్లి బండి మీద పట్టా కప్పి, కూతురి కుడిచెవి తనవైపు ఉండేలా నడిపించుకుంటూ పోలీస్ స్టేషన్‌కి పోతుంది.

ఎస్సై వెంకటరత్నం ఒక చేత్తో చొక్కా మూసి పట్టుకుని, రెండో చేత్తో టీ తాగుతున్నాడు. చొక్కాకి గుండీలున్నాయి, కాజాలు లేవు. ఖాకీ బట్టలు చూడగానే పావని, తప్పిపోతే పోలీసులకి చెప్పమని బళ్ళో నేర్పిన పాఠం ఒప్పజెబుతుంది.

"నా పేరు పావని. మా నాన్న పేరు సోమలింగాచారి. మా నాన్న ఫోన్లు బాగుచేస్తారు, పిల్లలకి చెవులు కుడతారు. మా ఇల్లు జగన్నాథపురం వంతెన దాటాక."

"వెరీ గుడ్. నువ్వు తప్పిపోలేదు కాబట్టి కూర్చో," అంటాడు ఎస్సై. "ఏం పోయిందమ్మా?"

"చిల్లండి. పిల్ల చెవిలోది."

"చిల్లంటే వస్తువు కాదు, వస్తువు లేకపోవడం. లేకపోవడం పోయిందంటే ఉన్నట్టేగా? ఆ లెక్కన నీ కూతురి చెవి రవ్వంత బరువు పెరిగింది. పెరిగినదానికి దొంగతనం కేసు ఎలా కట్టమంటావ్?"

"మరి మీ కాజాలో?"

ఎస్సై కిందికి చూసుకుంటాడు. "అది డిపార్ట్‌మెంట్ విషయం."

లాకప్పులోంచి నవ్వు వినిపిస్తుంది. అందులో ఒక జేబుదొంగ ఉన్నాడు. తాళంకప్ప చిల్లు పూడిపోవడంతో అతన్ని విడిచిపెట్టడం ఎవరి తరమూ కావడం లేదు. అతను ఊచలకి ఆనుకుని, ఇరుగింటివాడిలా తీరిగ్గా మాట్లాడతాడు.

"నా మాట ఇనుకోండి అక్కయ్యగారూ. దొంగతనానికి ఇద్దరుండాలండి. తీసేవాడొకడు, దాచేవాడొకడు. తీసేవాడు బజార్లో దొరుకుతాడు. దాచేవాడే దొరకడండి, ఆయ్."

"ఎందుకు దొరకడు?"

"ఆడు మంచోడండి. ఎవరూ అనుమానపడరు."

ఎస్సై అతన్ని కసురుకుని, కనకవల్లిని కొత్తగా వచ్చిన ఫోన్ల కంపెనీ షోరూమ్‌కి వెళ్ళి అడగమంటాడు. మొదటి చిల్లు పోయింది వాళ్ళ ఫోన్లోనే.

షోరూమ్ కోడిగుడ్డులా ఉంది. తలుపు ఎక్కడో తెలియదు. గోడకి ఎదురు నడిస్తే లోపల ఉంటారు. అక్కడి మనిషి చొక్కా నేరుగా ఒంటి మీదే పుట్టినట్టుంది. అరచేతిలో తెల్లటి బుల్లి డబ్బీ, డబ్బీలో వైరు లేని ఇయర్‌ఫోన్లు, చింతగింజల్లా పక్కపక్కనే పడుకుని ఉన్నాయి.

"చిల్లు ఉంటే లోపలికి దుమ్ము పోతుంది మేడమ్. నీళ్ళు పోతాయి. మాటలు పోతాయి. మూసేస్తే హాయి."

"మా పిల్ల చెవి కూడా మీరే మూశారా?"

అతను నిజంగానే నొచ్చుకుంటాడు. "మేం మూసింది ఒక్క చిల్లే. ఫోనుది. జనం గోల పెడితే తిరిగి పెట్టేద్దామని వారం పాటు వాకిట్లో కాచుకున్నాం. ఎవరూ రాలేదు. లోపలికెళ్ళి చూస్తే చిల్లు లేదు. వెనక గుమ్మంలోంచి ఎవరో పట్టుకెళ్ళారు."

"చిల్లుని ఎలా పట్టుకెళ్తారండీ?"

"మెత్తటి చెయ్యి ఉండాలి. అంచులు నలక్కుండా తియ్యగలగాలి. మా ఇంజనీర్లకే చేతకాదు." అతను పావని కుడిచెవిలోకి వంగి చూస్తాడు. "ఇది సాయంత్రం దాకా ఉంటే గొప్ప. త్వరగా ఇంటికి వెళ్ళండి."

ఇంటి వసారాలో సోమలింగం బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తాతల నాటి కంసాలి పట్టకారుతోనే అతను ఫోన్ల లోపలి తీగలు అతుకుతాడు. ముహూర్తాలుంటే అదే చేత్తో పిల్లలకి చెవులు కుడతాడు. అతను కుట్టిన పిల్ల ఏడవదని వంతెనకి ఈ పక్కా ఆ పక్కా పేరుంది. మార్చి ఎండ మండిపోతున్నా నిండుచేతుల చొక్కా తొడుక్కుని, మెడకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఫ్యాను ఆపేసి ఉంది.

"చలేస్తందా ఏంటండీ?"

"చలి కాదే. గాలి ఆడితే లోపల అదోలా ఉంటంది," అంటాడు సోమలింగం.

కనకవల్లికి కూర్చుని మాట్లాడే తీరిక లేదు. చెవులు కుట్టాక చిల్లు పూడిపోకుండా తమ్మెలో సన్నటి వేపపుల్ల గుచ్చి ఉంచడం కాపరానికి వచ్చిన నాటినుంచీ ఈ ఇంట్లో చూస్తున్నదే. పెరట్లోకి వెళ్ళి వేపరొట్ట విరుచుకొస్తుంది. నున్నగా చెక్కిన పుల్ల ఒకటి పావని కుడిచెవిలో మెల్లగా ఆనిస్తుంది. పాత ఫోను చిల్లులో ఒకటి, తలుపు తాళంలో ఒకటి, మిగిలిన ఒకేఒక్క సూది బెజ్జంలో ఈనెలాంటిది ఒకటి పెడుతుంది.

సోమలింగం అన్నీ చూస్తూ తల ఊపుతాడు. "మంచి పని చేశావు వల్లీ. ఖాళీగా వదిలేస్తే దేన్నైనా ఎవరో ఒకరు పట్టుకుపోతారు."

"పావనీ," అని పిలిచి చూస్తుంది కనకవల్లి. "ఊఁ," అంటుంది పావని, బొమ్మకి రంగులేస్తూ. ఆ ఒక్క ఊకారం విని తల్లి ప్రాణం కుదుటపడుతుంది. రోడ్డు మీద వదిలేసిన బండి తెచ్చుకుందామని బయల్దేరుతుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి వేపపుల్లలన్నీ వసారా అరుగు మీద ఉన్నాయి. పొడుగుని బట్టి వరసగా పేర్చి ఉన్నాయి. తలుపుకి తాళంచెవి దూరే చోటు లేదు. ఫోను అడుగు నున్నగా ఉంది.

"పావనీ!"

గదిలో మూల కూర్చుని పావని ఆకుపచ్చ రంగు వేస్తూ ఉంది.

"పావనీ! ఓలమ్మా, పావనీ!"

ఆకుపచ్చ అయిపోయింది. పావని పసుపు తీసుకుంటుంది. ఆమె కుడిచెవిలో ఇప్పుడు గోడ ఉంది.

కనకవల్లి ఏడవదు. పుల్లలు తీసుకుని ఒక్కొక్కటే వాసన చూస్తుంది. కొబ్బరినూనె. పిల్ల చెవి చూస్తుంది. గీత లేదు, ఎరుపు లేదు, నెత్తుటి చుక్క లేదు. దొంగ అయితే లాగేస్తాడు. ముందు గోరువెచ్చని నూనె చుక్క వేసి, అది నానేదాకా ఓపికపట్టి, పుల్లని కుడివైపుకి మెలితిప్పుతూ తీసేవాడు దొంగలా తీయడు. చెవులు కుట్టేవాడిలా తీస్తాడు.

ఆమె వసారాలోకి నడిచి ఫ్యాను వేస్తుంది.

గాలి తగలగానే సోమలింగం మోగుతాడు. మొదట సన్నగా, రెక్క తిరిగేకొద్దీ బొంగురుగా, ఊరేగింపులో అన్ని వాయిద్యాలనీ ఒకేసారి శ్రుతి చేస్తున్నట్టుగా. అతను గబగబా చేతులు కట్టుకుంటాడు. మోత చంకల్లోంచి వస్తుంది. కాజాల్లేని చొక్కాని కనకవల్లి రెండు చేతులతోనూ తెరుస్తుంది.

అతని ఒళ్ళంతా చిల్లులు. ఎంత పొందిగ్గా అమర్చాడో. డొక్కల వెంట ఫోన్ల చిల్లులు వరసలు తీరి ఉన్నాయి. మెడ చుట్టూ సూది బెజ్జాలు చెమటకాయల్లా ఉన్నాయి. పొట్ట మీద తాళాలవి, భుజాల మీద గారెలవి. గారెల చిల్లుల అంచులు ఇంకా కరకరలాడుతున్నాయి. రొమ్ముకి అటొకటి ఇటొకటి చిన్నవి, వెచ్చనివి, నూగువెంట్రుకలున్నవి.

"ఎందుకండీ?" అంటుంది కనకవల్లి.

"ఒకటి పోయాక రెండోది ఆగుద్దేంటే? ఆ కంపెనీ ఆళ్ళు ఎలాగూ అన్నీ పారేత్తారు. పారేసే ముందే దాచాను. ఎక్కడ దాచినా నమ్మకం లేక ఒంట్లోనే పెట్టుకున్నాను."

"బిడ్డవి కూడానా?"

"అన్నిటికంటే ముందు బిడ్డవే దాచాలనుకున్నాను. చెయ్యి తిరగడానికి మిగతావి తీశాను."

"తిరిగి పెట్టండి. ఇప్పుడే."

సోమలింగం పట్టకారు తీసుకుంటాడు, మళ్ళీ బల్ల మీద పెట్టేస్తాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఖాళీ పెట్టాలంటే ఖాళీ ఉండాలి కదే. అక్కడ చోటేదీ?"

మోత విని వీధంతా వచ్చేస్తుంది. బట్టతలాయన వస్తాడు, టైలర్లు వస్తారు, హోటలువాళ్ళు వస్తారు. కంపెనీ మనిషి గుమ్మం అవతలే నిలబడతాడు. ఎవరి చిల్లు వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. బట్టతలాయన తన వైరు పిన్నుని సోమలింగం డొక్కలో గుచ్చి, కొసలు చెవుల్లో పెట్టుకుని, "ఆఁ, వస్తంది," అంటాడు తృప్తిగా. అతన్ని చూసి తక్కినవాళ్ళూ వైర్లు విప్పుతారు. కాసేపటికి సోమలింగం ఒంటినిండా వైర్లు. వైరు కొస ఉన్నవాడల్లా పొట్టి వైరు ఎంత దూరం పోనిస్తే అంత దూరంలో నిలబడి ఉన్నాడు. అడుగు కదిపితే పక్కవాడి వైరు అడ్డమొస్తుంది. అందుకని అందరూ ఒకే వైపుకి అడుగులేస్తారు. జడకోలాటంలో తాళ్ళు అల్లుకున్నట్టుగా వైర్లు సోమలింగం చుట్టూ అల్లుకుంటాయి.

ఎస్సై కూడా వచ్చి, తన చొక్కా మూసి పట్టుకుని ఆ జడ అవతల నిలబడతాడు. "ఇప్పుడు కేసు కట్టొచ్చు. దొంగ ఎవరో పోగొట్టుకున్నవాళ్ళు నోటితో చెప్పాలి."

"అందరివీ పోయాయిగా సార్," అంటుంది కనకవల్లి.

"వాళ్ళవి దొరికాయి. దొరకంది పాపదొక్కటే. పాపే చెప్పాలి."

"దానికి వినపడదండి."

"వినపడే చోటు నీ ముందే ఉంది కదమ్మా."

కనకవల్లి వైర్ల మధ్యలోంచి వంగి, అల్లిక పైకి రాకముందే, మొగుడి రొమ్ము మీది ఎడమ చిల్లుకి నోరు ఆనిస్తుంది. చిన్నగా, నిద్రలేపేటప్పుడు పిలిచినట్టు, "పావనీ," అంటుంది.

గదిలో అవతలి మూల బొమ్మ మీద వంగిన తల చటుక్కున లేస్తుంది. "ఊఁ," అంటుంది పావని.

ఆ ఊకారానికి సోమలింగం ఒళ్ళు ఝల్లుమంటుంది. తన కూతురు వినడం ఎలా ఉంటుందో అతనికి లోపలినుంచి తెలుస్తోంది. రెండో చిల్లుని అరచేత్తో మూయబోతాడు, చెయ్యి వైర్లలో చిక్కుకుంటుంది. "అడక్కే వల్లీ," అంటాడు. "దాని నోటంట వద్దే."

అడగకపోతే పిల్ల చెవులు ఈ ఒంటిలోనే ఉండిపోతాయి. అడిగితే ఈ ఒళ్ళు లాకప్పులోకి పోతుంది, లాకప్పు తాళానికి చిల్లు లేదు. కనకవల్లి కళ్ళు మూసుకుంటుంది.

"ఎవరు తీశారమ్మా, నీ చెవులు?"

జనం ఆగరు, చుట్టూ తిరుగుతూనే ఉంటారు. జడ సోమలింగం గడ్డం దాకా వస్తుంది. పావని పసుపు రంగు పక్కన పెట్టి లేచి, గోడకేసి కాదు, తల్లికేసి కాదు, ఖాకీ బట్టలకేసి తిరిగి, చేతులు కట్టుకుని, బళ్ళో నిలబడ్డట్టు నిటారుగా నిలబడుతుంది. తన గొంతు తనకి వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా చెబుతుంది. ఆ మాట తండ్రి రొమ్ములోకి పోయి, ఒంటి మీది ప్రతి చిల్లులోంచీ, ప్రతి వైరులోంచీ, ఊరివాళ్ళందరి చెవుల్లోనూ ఒకేసారి పలుకుతుంది.

"మా నాన్న. మా నాన్న పేరు సోమలింగాచారి."